రెండు గింజల మేక

బహుళ విదియ. గీత 31 గింజలు. గాలి తూర్పు.

ఈ చిట్టా రాసేది ఏసోబు. ఏడో వరస, పద్నాలుగో తెప్ప. తెప్ప మీద వయసులో పెద్దవాడు రోజూ రాయాలని సమతూకం ఆఫీసు రూలు. నేను అయిదో తరగతి దాకా చదివాను. ఆ బడి ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. గీత అంకె, దాని పక్కన కారణం గడి, ఈ రెండూ పలక మీద నుంచి ఆఫీసుకు వెళ్తాయి. మిగతా పేజీ ఎవరూ చదవరు. అందుకే రాయగలుగుతున్నాను.

గాజుగొట్టంలో నీళ్ళు ఎంత పైకి వస్తే తెప్ప అంత మునిగినట్టు. గింజ అంటే బియ్యపు గింజ మందం. మా తెప్ప మీద పంతొమ్మిది కిలోలు ఎక్కితే ఒక గింజ మునుగుతుంది. దిగితే ఒక గింజ తేలుతుంది. గీత తప్పు రాసిన తెప్పను వరసలోంచి తాడు కోసి వదిలేస్తారు. నేను నలభై ఏళ్ళలో ఒక్క గింజ తప్పు రాయలేదు.

తెప్ప మీద ఇద్దరం. నేను, నా మనవరాలు దేవమణి. పదహారేళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ కాళ్ళూ చేతులూ దాని మాట ఒక పట్టాన వినవు. నోటికి ఆ ఇబ్బంది లేదు. వరస మొత్తానికి పోటుపాట్ల లెక్క అదే కట్టి పెడుతుంది.

ఇవాళ సంకేతాల బడి నుంచి ఉత్తరం వచ్చింది. మణికి సీటు వచ్చింది. బడి పెద్ద ఓడ మీద ఉంటుంది, హాస్టలు కూడా అక్కడే. వచ్చే పౌర్ణమికి వార్డెను ముందు మూడు పనులు చేసి చూపాలట. ఊగే భోజనశాలలో ఒక పళ్ళెం అన్నం సొంతంగా తినాలి. తడి చెక్కల మీద ఇరవై అడుగులు నడవాలి. తన కోటు తనే పెట్టుకోవాలి. చూపలేకపోతే సీటు వెనకవాళ్ళకు పోతుంది. కింద చిన్న అక్షరాల్లో, సహాయకులు అనుమతించబడరు.

ఇంట్లో ముద్దలు కలిపి పెట్టేది నేను.

"తాతా, నువ్వు కూడా బడికొచ్చి ముద్దలు పెడతావా?" అంది మణి.

"రానిస్తే వస్తా."

"వచ్చినా నువ్వు నోరు తెరవవు. వైవాలో తప్పుతావు."

బహుళ పంచమి. గీత 31. గాలి లేదు.

బజారు బార్జికి వెళ్ళాం. మణి రెండు కర్రల మీద, నేను వెనక.

మణిలాంటి వాళ్ళ సామాన్లు 'ప్రత్యేక ప్రతిభ విభాగం'లో ఉంటాయి. పద్దెనిమిది మెట్లు ఎక్కాలి. మెట్లు ఎక్కలేని వాళ్ళ కోసమే ఆ విభాగం. గంట పట్టింది.

"స్వాగతం, ధీరురాలా" అంది అక్కడి యంత్రం.

మణి వెనక్కి తిరిగి చూసింది. వెనక నేనొక్కణ్ణే ఉన్నాను.

"చెంచా కావాలి. పిడి లావుగా ఉండాలి, పట్టు జారకూడదు" అంది.

"ధీర చెంచా. నాలుగు వందల లీటర్లు."

బార్జి మీద అన్నిటి ధరా మంచినీళ్ళలోనే. మా ఇద్దరి కోటా రోజుకు పది లీటర్లు, తలకు ఐదు.

"నలభై రోజులు నీళ్ళు తాగకపోతే చెంచా వస్తది" అంది మణి. "తర్వాత దాంతో తినడానికి మనం ఉండం."

"రాయితీ ఉంది. మీ పోరాట గాథ మూడు నిమిషాలు చెప్పండి. వెనక వీణ కావాలా, వేణువు కావాలా?"

"నేను ఎవరితోనూ పోట్లాడలేదు. అన్నం ఒలికిపోతోంది. అంతే."

"గాథ ఆరు సెకన్లు. కన్నీరు సున్నా. పక్కనున్న పెద్దాయన ప్రయత్నించవచ్చు."

కెమెరా నా వైపు తిరిగింది. ఏమీ తోచలేదు. చొక్కా రెండో గుండీ చూసుకుంటూ నిలబడ్డాను. మూడు నిమిషాలు అయిపోయాయి.

"బరువైన మౌనం" అంది యంత్రం. "ఎనిమిది లీటర్లు తగ్గించాం."

మణి లెక్క కట్టింది. "తాతా, ఇంకో నూట నలభై ఏడు నిమిషాలు ఇట్టాగే నిలబడు. చెంచా ఊరికే వస్తది. నీకు అదేం కష్టం కాదుగా."

"మౌనం మనిషికి ఒకసారే" అంది యంత్రం.

దిగడానికి ఇంకో గంట పట్టింది.

బహుళ సప్తమి. గీత 31. గాలి దక్షిణం.

ఉచిత చెంచా కోసం పదకొండు నెలల కిందట దరఖాస్తు పెట్టాను. ఇవాళ జవాబు వచ్చింది. చెంచా అవసరం నిజమేనని తేల్చడానికి, దరఖాస్తుదారు ఆ చెంచాతో తింటున్న వీడియో జతచేయాలట.

మణి రెండుసార్లు చదివించుకుంది. నవ్వింది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. అది మాట్లాడకపోతే తెప్ప మీద ఇద్దరం మూగవాళ్ళమే.

ఇంట్లో ఉన్న చెంచాకు గుడ్డ చుట్టి తాడు కట్టి ఇచ్చాను. తడికి గుడ్డ వదులైపోయింది. అల వచ్చింది, పళ్ళెం జారి సముద్రంలోకి పోయింది. ఈ నెలలో ఇది రెండోది.

బహుళ దశమి. గీత 31. గాలి తూర్పు.

పక్క తెప్ప సువార్తమ్మకు మూడు మేకలున్నాయి. దాణా మోయడానికి తోడు రమ్మంటే బార్జికి వెళ్ళాను. పశువుల విభాగం కిందే ఉంటుంది. వెడల్పాటి వాలుబల్ల వేశారు, మేకలు మెట్లు ఎక్కలేవని.

"చూడన్నయ్యా" అంది సువార్తమ్మ. "పళ్ళేలకి మీరు పడే తిప్పలు చూస్తన్నా. దీనికేం రోగం?"

దాణా పళ్ళెం. బరువుగా ఉంది, అంచు ఎత్తుగా ఉంది, అడుగున రబ్బరు ఉంది. చెక్కకు అదిమితే కరుచుకుంటుంది. ఎంత లాగినా రాలేదు.

ఆ పక్కనే మేకపిల్లలకు పాలసీసా పట్టే రబ్బరు పిడి. లావుగా, వేళ్ళకు గుంటలతో ఉంది. లోపల చెంచా కాడ సరిగ్గా పడుతుంది. జేబులోంచి చెంచా తీసి పెట్టి చూశాను. చెంచా ఎందుకు వెంట తెచ్చానో సువార్తమ్మ అడగలేదు. ఇంకో అరలో తడి చెక్క మీద గిట్టలు జారకుండా రబ్బరు తొడుగులు, నాలుగేసి ఒక కట్ట. మణికి రెండు కర్రలు, రెండు కాళ్ళు. మెడపట్టీకి వేసే అయస్కాంతం బిళ్ళలు కూడా ఉన్నాయి, దగ్గరకు తెస్తే వాటంతట అవే అతుక్కుంటాయి. కోటుకు గుండీల బదులు అవి కుట్టొచ్చు.

అన్నీ కలిపి పన్నెండు లీటర్లు.

"పశువు నంబరు?" అంది యంత్రం.

లేదన్నాను.

"కొత్త నమోదు. పేరు?"

యంత్రాలతో మాట్లాడటం నాకు చేతకాదు. అడిగినదానికి నిజం చెప్పేస్తే తొందరగా వదిలేస్తాయి.

"దేవమణి."

"వయసు?"

"పదహారు."

"అరుదైన వృద్ధ పశువు. సగం ధర. బరువు?"

"ముప్పై ఎనిమిది కిలోలు."

"నడక?"

"తడబడుతుంది. రెండు కర్రలుంటే నడుస్తుంది."

"మొత్తం కాళ్ళు నాలుగు. మేత?"

"అన్నీ తింటుంది. కాకరకాయ ముట్టదు."

"కొమ్ములు?"

"లేవు."

"మాట్లాడితే ఉన్నట్టే ఉంటది" అంది వెనక నుంచి సువార్తమ్మ.

"ప్రాణంతో ఉందని ధ్రువీకరిస్తున్నారా?"

ఉందన్నాను. ఆరు లీటర్లు కోసుకుని సామాన్లు ఇచ్చేసింది. గాథ అడగలేదు. మేక అవునా అని కూడా అడగలేదు.

రసీదు చూసి మణి అడిగింది. "తాతా, నన్ను మేకని చేశావా?"

"అడిగారు. చెప్పాను."

"ఏమని?"

"నీ గురించే. అన్నీ నిజాలే."

దానికి నవ్వు ఆగలేదు. కర్రలు వదిలేసి కూర్చుని నవ్వింది. ఉన్నట్టుండి ఆగింది.

"ముప్పై ఎనిమిది కిలోల మేక తెప్ప ఎక్కితే గీత రెండు గింజలు మునగాలి. ఈ నమోదు ఆఫీసుకు చేరతది, రేపట్నుంచి వాళ్ళు ముప్పై మూడు కోసం చూస్తారు. లేకపోతే మేక ఏదని అడుగుతారు, సామాన్లు లాక్కుపోతారు."

తప్పు అంకె నేను రాయలేనని చెప్పాను.

"రాయొద్దు. నాలుగు డబ్బాల్లో ఉప్పునీళ్ళు తోడి మూల పెట్టు. ముప్పై ఎనిమిది లీటర్లు. గొట్టంలో నీ కంటికి కనపడిందే రాయి."

బహుళ ఏకాదశి. గీత 33. గాలి తూర్పు.

కారణం: పశువు, దేవమణి.

కనపడిందే రాశాను.

అమావాస్య. గీత 33. పోటు పెద్దది.

మొదటిరోజు పది చెంచాలు ఎత్తితే మూడు నోట్లోకి వెళ్ళాయి. మిగతావి చెంపకు, ముక్కుకు, నాకు. ఇవాళ పదికి ఆరు. పళ్ళెం కదలడం లేదు. చెయ్యి వణికినా పిడి వేళ్ళలోంచి జారడం లేదు. ముద్ద అంచుకు నెట్టి ఎత్తాలని మణి తనే కనిపెట్టింది.

నేను ఎదురుగా కూర్చుంటాను. కుడిచెయ్యి ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంటున్నాను. మొన్న చెంచా నోటి దగ్గరికొచ్చి ఆగితే నా చెయ్యి దానంతట అదే లేచింది. "సహాయకులు అనుమతించబడరు" అంది మణి, నోట్లో అన్నంతోనే.

తొడుగులు వేసుకుని తడి చెక్క మీద పన్నెండు అడుగులు నడిచింది. సువార్తమ్మ మేకలు వరసగా నిలబడి చూశాయి.

"వాటి సామాను వేసుకున్నావని గుర్తుపట్టినయ్యే" అంది సువార్తమ్మ.

"వాటికి నాకన్నా బాగా సరిపోయినయ్యా మామ్మా?"

"అవి నీలాగా నడవనేర్వలా. గెంతుతయ్యి."

శుద్ధ పంచమి. గీత 31. గాలి పడమర.

తప్పు చేశాను.

తెప్ప మీద ఏళ్ళ తరబడి బతికిన వాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. తెప్ప మీద ఉప్పునీళ్ళు నిలిస్తే చెయ్యి ఊరుకోదు. చూడగానే తోడి పారబోస్తాం. మునగకుండా బతికింది దానివల్లే. ఇవాళ తెల్లవారి లేచాను. మూల నాలుగు డబ్బాల ఉప్పునీళ్ళు కనపడ్డాయి. ఇన్నాళ్ళూ వాటి మీద గోనె కప్పి ఉండేది, రాత్రి గాలికి ఎగిరిపోయింది. నాలుగూ పారబోశాను. డబ్బాలు కడిగి బోర్లించాను. గొట్టం చూశాను. 31. రాశాను. పలక పంపేసింది.

అప్పుడు గుర్తొచ్చింది.

మణి లేచి బోర్లించిన డబ్బాలు చూసింది.

"తాతా, మేకని సముద్రంలో పారబోశావు."

మళ్ళీ నింపితే ఏం లాభం, అంకె వెళ్ళిపోయింది. పలక మీద ఎర్రదీపం వెలిగింది. పశువు నీట పడిందని అనుమానం, సహాయబృందం బయలుదేరింది. గంటలోపు పడవ వచ్చింది. ఇద్దరు మనుషులు మా తెప్ప కింద మునిగి మధ్యాహ్నం దాకా వెతికారు. వాళ్ళకు రెండు పళ్ళేలు దొరికాయి. మర్యాదగా తెచ్చిచ్చారు.

చెంచాకు పదకొండు నెలలు. మేకకు గంట.

శుద్ధ షష్ఠి. గీత 31. గాలి పడమర.

సమతూకం ఆఫీసు నుంచి ఇనస్పెక్టరు వచ్చాడు. పేరు వల్లభరావు. చెప్పులు విప్పి తెప్ప ఎక్కాడు. కాగితం చూసి చదివాడు.

"మీ కుటుంబంలో జరిగిన లోటుకు ఆఫీసు తరఫున విచారం తెలియజేస్తున్నాం. దేవమణిని చివరిసారి ఎప్పుడు చూశారు?"

పక్కకు చూశాను. మణి దాణా పళ్ళెంలో పెరుగన్నం తింటోంది.

"ఇప్పుడే" అన్నాను.

ఆయన కూడా చూశాడు. చెంచా పిడి చూశాడు. కర్రల అడుగున తొడుగులు చూశాడు. కాగితం మళ్ళీ చదువుకున్నాడు. పదహారేళ్ళు, ముప్పై ఎనిమిది కిలోలు, కాకరకాయ ముట్టదు.

"అమ్మాయ్, నీ పేరు?"

"అదే సార్. మీరు విచారిస్తున్నది నా గురించే."

వల్లభరావు బోర్లించి ఉన్న డబ్బా మీద కూర్చున్నాడు.

"నా దగ్గర రెండే గడులున్నాయి. పశువు ఉంది. పశువు మునిగింది. మునిగితే సామాన్లన్నీ ఇప్పుడే పట్టుకుపోవాలి."

పౌర్ణమికి తొమ్మిది రోజులుంది. మణి చెంచా కింద పెట్టలేదు.

"ఉంది అని రాయండి."

"ఉంది అంటే లెక్క కుదరదు. ఒకే పేరు, ఒకే బరువు, పుస్తకంలో రెండుచోట్ల. గీత ఒక్కరికే సరిపోతోంది. ఒకటి కొట్టేయాలి."

"మనిషిని కొట్టేయండి సార్" అంది మణి. "మేక కోటా ఏడు లీటర్లు. మనిషికి ఐదేగా. మెట్లు కూడా ఎక్కక్కర్లేదు."

వేళాకోళంగానే అంది. కానీ ఆయన పలక తిప్పి మనుషుల పేజీ తీశాడు. పెన్ను పెట్టాడు.

"వద్దు" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. ఇక ఆగితే మళ్ళీ మాట రాదనిపించింది.

"బాబూ, ఈ పుస్తకం నలభై ఏళ్ళుగా నేనే రాస్తన్నా. ఉప్పెన ఏడాది మా వాడి పేరు కొట్టేశా. కోడలి పేరు కొట్టేశా. గీత ఆరు గింజలు తేలింది, అదీ రాశా. పోయినోళ్ళని కొట్టెయ్యమంటే కొట్టేస్తా. ఇది ఉంది. ఉన్నదాన్ని కొట్టెయ్యమాక."

అంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలియదు. చొక్కా గుండీ చూసుకున్నాను.

వల్లభరావు లేచి గొట్టం దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాచు పట్టింది" అన్నాడు. "నాచు పడితే రెండు గింజలు తక్కువ చూపిస్తుంది."

గొట్టం నేను రోజూ బూడిదతో కడుగుతాను. నలభై ఏళ్ళలో నాచు పట్టలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మణి తన కర్ర నా పాదం మీద పెట్టి నొక్కింది.

ఆయన 'ఉంది' గడిలో టిక్కు పెట్టాడు. "ఉంటే పరీక్ష పెట్టాలి. లబ్ధి పొందిన పశువు సామాను వాడుతోందా లేదా అని. అమ్మాయ్, ఇది మేకలకు పెట్టే పరీక్ష. నీకు పెట్టడం నాకు..."

"పెట్టండి సార్. పదకొండు నెలల్లో నన్ను చూడ్డానికి మనిషి రావడం ఇదే మొదలు."

మణి మిగిలిన పెరుగన్నం తినేసింది. అయస్కాంతం బిళ్ళలు కుట్టిన కోటు వేసుకుంది. చెయ్యి రెండుసార్లు తప్పింది, మూడోసారి టక్కున అతుక్కుంది. నేను చెక్క మీద నీళ్ళు పోశాను. ఇరవై అడుగులు నడిచింది. పదిహేడో అడుగు దగ్గర ఊగింది. వల్లభరావు చెయ్యి లేచి, ఆగింది. మణి పడలేదు.

కాగితం రాసి సీలు వేసి మణికిచ్చాడు. పడవ ఎక్కేముందు చిన్నగా అడిగాడు.

"ఆ పిడి ఏ అరలో ఉంటుంది? మా అమ్మకు చెయ్యి వణుకుతుంది."

"మేకపిల్లల పాలసీసాల పక్కన" అన్నాను.

"అమ్మగారి బరువు కనుక్కుని వెళ్ళండి సార్" అంది మణి. "అడుగుతారు."

పౌర్ణమి. గీత 31. పోటు పెద్దది.

బడి ఓడకు మణితో వెళ్ళాను. భోజనశాల అద్దం బయట నిలబెట్టారు.

ఓడ బాగా ఊగింది. కొత్తగా చేరేవాళ్ళు పన్నెండుమంది. నాలుగు పళ్ళేలు జారాయి, వాటిలో రెండు ఒళ్ళో పడ్డాయి. మణి పళ్ళెం కదల్లేదు. తినడానికి దానికి అందరికన్నా ఎక్కువసేపు పట్టింది. వార్డెనమ్మ గడియారం చూసింది. ఆఖరి చెంచా నోట్లో పెట్టుకుని మణి అద్దం వైపు చూసింది. నా కుడిచెయ్యి గుప్పిట బిగిసి ఉందని అప్పుడు తెలిసింది.

ఇరవై అడుగులు నడిచింది. కోటు పెట్టుకుంది.

"ఇవన్నీ సొంతంగా చేస్తుందని ఆఫీసు పత్రం ఉందా?" అంది వార్డెనమ్మ.

మణి వల్లభరావు కాగితం ఇచ్చింది. వార్డెనమ్మ సీలు చూసి పైకే చదివింది. "స్వయంగా తింటుంది. తడి నేల మీద జారదు. కట్టిన పట్టీ ఊడదు. మందను వదిలిపోదు." తల ఊపింది. "క్రమశిక్షణ కూడా రాశారు, మంచిది."

ఎవరి పరీక్షో పైన ఒక గడిలో ఉంది. ఆమె అంతవరకూ చూడలేదు.

బహుళ పాడ్యమి. గీత 29. గాలి తూర్పు.

పొద్దున బడి పడవ వచ్చి మణిని తీసుకెళ్ళింది. పళ్ళెం, పిడి, కోటు సంచిలో పెట్టాను. తొడుగులు వేసుకునే ఎక్కింది. చెయ్యి ఇవ్వబోతే వద్దంది. ఎక్కాక తనే చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది.

"తాతా, రోజూ ఎవరితోనైనా పది మాటలు మాట్లాడు. లెక్క పెట్టుకో."

సరే అన్నాను.

"ఒకటి" అంది.

గొట్టం కడిగి చూశాను. గీత రెండు గింజలు తేలింది. పలక కారణం అడిగింది. గడులు నాలుగున్నాయి. సరుకు దించారు. పశువును అమ్మారు. మనిషి పోయారు. ఇతరం.

మూడో గడి నేను ఇదివరకు నొక్కినదే. ఇవాళ దాని మీదుగా వేలు పోనివ్వలేదు. ఇతరం నొక్కాను. ఖాళీ గీత వచ్చింది. అది ఆఫీసుకు వెళ్తుంది కనుక నిజం రాయాలి. కాసేపు ఆలోచించి రాశాను.

మేక బడికి వెళ్ళింది. సెలవులకు వస్తుంది. పేరు రెండుచోట్లా అలాగే ఉంచండి.